జీడి అజ్ఞాన పత్రం

మా కేంద్రంలో ఏడు కుక్కలు, పద్నాలుగు మంది ఉద్యోగులం. కుక్కల మీద నాకు ఎప్పుడూ ఏ ఫిర్యాదూ లేదు.

అసలు ఈ కేంద్రం ఎలా పుట్టిందో చెప్పాలి. సెక్రటరీగారు ఏదో దేశం వెళ్ళారు. అక్కడ వరసగా పాతిన పన్నెండు గుంజల మధ్య నుంచి ఒక కుక్క కుడికీ ఎడమకీ మెలికలు తిరుగుతూ దూసుకుపోవడం చూశారు. "మన కుక్కలకేం తక్కువ?" అని విమానంలోనే నోట్ రాశారు. ఆయన ఇంటికి చేరి సూట్‌కేసు విప్పేలోగా, విజయనగరానికి పదహారు కిలోమీటర్ల దూరంలో మూతబడ్డ పట్టుపురుగుల ఆఫీసుకి సున్నం కొట్టి 'రాష్ట్ర శునక చురుకుదన శిక్షణ కేంద్రం' అని బోర్డు పెట్టేశారు. పురుగుల దగ్గర సీనియర్ అసిస్టెంటుగా ఉన్న నన్ను బీరువాలతో పాటు కుక్కలకి అప్పగించారు. బీరువాలకి రసీదు ఇచ్చారు. నాకు ఇవ్వలేదు.

డైరెక్టరుగా త్రివిక్రమరావు గారు మత్స్యశాఖ నుంచి వచ్చారు. మంచి మనిషే. కుక్క ఎదురైతే రెండడుగులు వెనక్కి వేసి నమస్కారం పెట్టేవారు.

"చేపకి ఈత నేర్పక్కర్లేదు సుభాషిణిగారూ. కుక్కకి మెలిక నేర్పాలి. శాస్త్రం అవసరం ఇక్కడే వస్తుంది," అన్నారు మొదటి రోజున. నేను రాసుకున్నాను. ఆయన ఏమన్నా రాసుకోవడమే కదా నా ఉద్యోగం.

మంజూరైన కుక్కలు ఏడు. వచ్చినవి ఆరు. రిజిస్టరులో ఒక గడి ఖాళీగా ఉంటే డైరెక్టరుగారికి అన్నం సయించలేదు. కుక్కల కాపలాదారు తవిటయ్య దగ్గర ఒక ఊరకుక్క ఉండేది. బొబ్బిలి రోడ్డు పక్క కాలవలో, కళ్ళు కూడా తెరవని పిల్లగా దొరికితే గుడ్డ పీలిక పాలలో ముంచి చప్పరించబెట్టి పెంచాడు. వేయించిన జీడిపప్పు రంగులో ఉంటుందని జీడి అని పిలిచేవాడు. భార్య పోయాక అతని సర్కారు క్వార్టర్లో తోడుగా ఉన్న ప్రాణి అదొక్కటే. దాన్నే 'శునకం-7' అని ఏడో గడిలో రాసేశాం. రాశాం ఏమిటి నా మొహం, రాసింది నేనే. అప్పటిదాకా తవిటయ్యది అయిన కుక్క నా ఒక్క కలంపోటుతో ప్రభుత్వానిదైపోయింది. ఆ సంగతి నాకు ఆ రోజు తట్టలేదు.

మెలిక నేర్పడానికి లోకంలో మూడు పద్ధతులు ఉన్నాయట. మూడింటికీ ముగ్గురు నిపుణులు దిగారు. మొదటాయనది వీధి పద్ధతి. గుంజల్ని రెండు వరసలుగా పాతి మధ్యలో వీధిలా దారి వదులుతారు. కుక్క అందులో తిన్నగా పరిగెడుతుంది. రోజుకో అంగుళం చొప్పున వీధిని ఇరుకు చేస్తూ పోతే చివరికి రెండు వరసలూ ఒకటైపోయి, కుక్క తనకు తెలియకుండానే మెలికలు తిరుగుతుంది. రెండో ఆవిడది వాలు పద్ధతి. గుంజలన్నీ ఒకే వరసలో, కాని ఒకటి ఇటూ ఒకటి అటూ పడిపోతున్నట్టు వాలి ఉంటాయి. కుక్కకి దారి అలవాటైన కొద్దీ వాటిని నెమ్మదిగా నిలబెడతారు. మూడో ఆయనది జంట పద్ధతి. ముందు రెండే గుంజలు. అవి బాగా వచ్చాక ఇంకో రెండు. వింటూంటే మూడూ నాకు బాగానే తోచాయి. ఏది పట్టుకున్నా రెండు మూడు నెలల్లో కుక్కలు నేర్చేసుకునేవే. ఆ ప్రమాదాన్ని డైరెక్టరుగారు ముందే పసిగట్టారు.

"ఏది ఉత్తమ పద్ధతో తులనాత్మకంగా నిగ్గు తేలే వరకు ఏ శునకమూ ఏ పద్ధతిలోనూ పూర్తిగా నేర్చుకోరాదు. నేర్చుకుంటే తులన దెబ్బతింటుంది," అన్నారు. ముగ్గురు నిపుణులూ ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే.

గుంజలు పాతిన రోజు ఉదయం అందరం మైదానంలో ఉన్నాం. మన్ను గట్టిపడాలని తవిటయ్య తన ఇత్తడి చెంబుతో ఒక్కో గుంజ మొదట్లో నీళ్ళు పోస్తూ వెళ్ళాడు. ఒక గుంజకి ఇటు నుంచి, తరవాతి గుంజకి అటు నుంచి. అతని మడమల వెనకే జీడి. కుడికి, ఎడమకి, కుడికి, ఎడమకి, ఒక్క గుంజ కూడా తప్పకుండా, తోక కూడా తగలకుండా పన్నెండూ దాటేసింది. చివర తవిటయ్య దోసిట్లో పోసిన ఆఖరి గుక్క తాగి, ఒళ్ళు విదిలించుకుంది. ఆ నీళ్ళు వాలు నిపుణురాలి చీర మీద పడ్డాయి.

నేను చప్పట్లు కొట్టబోయి, డైరెక్టరుగారి మొహం చూసి చేతులు దించేసుకున్నాను.

"ఇది ఏ పద్ధతి?" అన్నాడు వీధి నిపుణుడు.

"మొదటి గుంజ కుక్క ఎడమ భుజం పక్కన ఉండాలని నియమం కదా," అంది వాలు నిపుణురాలు.

"ఉందిగా మేడమ్," అన్నాను నేను.

"ఉందనుకోండి. ఎందుకు ఉందో కుక్కకి తెలియాలి కదండీ!"

తవిటయ్య చెంబు చంకన పెట్టుకుని చేతులు కట్టుకున్నాడు. "నానేటీ నేర్పనేదు బాబూ. మా పెరట్లో బీరపాదులకి పన్నెండు గుంజలు పాతినాను. ఓ పాదు ఇటేపు, ఓ పాదు అటేపు ఎట్టినాను, ఏర్లు కొట్టుకోకుండా. పొద్దున్నే నీళ్ళు పోత్తంటే ఇది నా ఎనకాల్నే వొత్తాది. అంతే."

"దీన్ని పద్ధతి అనలేం," అన్నారు డైరెక్టరుగారు విచారంగా. "దశలు లేవు, సాహిత్యం లేదు, కనీసం పేరైనా లేదు. ఇది కేవలం రావడం మాత్రమే."

ఆ సాయంత్రమే నాలుగో నంబరు సర్క్యులర్ వెలువడింది. తులన న్యాయంగా జరగాలంటే కుక్కలన్నీ ఒకే అజ్ఞానం నుంచి బయలుదేరాలి. కాబట్టి ప్రతి కుక్కకీ అజ్ఞాన ధ్రువీకరణ పత్రం ఉండాలి. స్వయంగా పరిశీలించినట్టు నా సంతకం, దాని కింద డైరెక్టరుగారి సంతకం, పక్కన గుండ్రటి ముద్ర. ఒక్కో కుక్కనీ అయిదేసి నిమిషాలు గుంజల ముందు నిలబెట్టాం. శునకం-3 మూడో గుంజ దగ్గరికి వెళ్ళి కాలెత్తింది. 'గుంజ ప్రయోజనం విషయమై శునకమునకు భిన్నాభిప్రాయము కలదు. అజ్ఞానము నిర్ధారణ అయినది' అని రాయించారు. ఆరు కుక్కలూ అవలీలగా పాసయ్యాయి.

ఏడోది తప్పింది. తవిటయ్య చెంబు పట్టుకుని వచ్చాడు, అది వెనకే వచ్చి పన్నెండూ దాటేసింది.

"ఇతర శునకాల అజ్ఞానానికి ఈ శునకం వల్ల ముప్పు పొంచి ఉంది," అని ముగ్గురు నిపుణులతో వేసిన కమిటీ తేల్చింది. దాన్ని చూసి మిగతావి నేర్చేసుకుంటే ఇంకేమన్నా ఉందా! ఉత్తర్వు నేనే టైపు చేశాను. శునకం-7 నలభై అయిదు రోజుల్లో మెలికను సంపూర్ణంగా మరచిపోవాలి. మరపించే బాధ్యత కాపలాదారుది. గడువు నాటికి మరవని పక్షంలో దాన్ని హిందూపురం వైపు ఒక గోదాముకి కాపలాకి పంపించెయ్యాలి. హిందూపురం అంటే రాష్ట్రానికి ఆ చివర.

తవిటయ్యకి చదివి వినిపించాను. బల్ల అంచు వేలితో రుద్దుతూ నిలబడ్డాడు.

"నేర్పమంటే నేర్పగలనేటోనమ్మా. మరిపించడవెలాగ? పోనీ నన్ను కూడా దాంతోటి అంపీండి."

"నీకు బదిలీ ఉండదు తవిటయ్యా. కుక్కకే ఉంటుంది."

"దానికి ఇంటికాడ నాను తప్ప ఎవులున్నారమ్మా? నాకు మాత్తరం ఎవులున్నారు?"

ఏడో గడిలో నేను రాసిన అక్షరాలు బీరువాలోంచి నన్నే చూస్తున్నట్టనిపించింది. తిట్టుకున్నాను, నన్నూ, మా ఆఫీసునీ కలిపి.

ఇక జాగ్రత్తలు మొదలయ్యాయి. జీడికి మెలిక గుర్తు రాకూడదు గనక ఆవరణలో నిలువుగా ఉన్నవేవీ వరసలో ఉండకూడదన్నారు. కుర్చీలు బోర్లించారు. గొడుగులు పడుకోబెట్టారు. హాజరు వేలిముద్ర కోసం ఉద్యోగులం వరసలో నిలబడటం నిషేధించారు. ఒకరికీ ఒకరికీ మధ్య దూరం అరవై సెంటీమీటర్లు కాకుండా చూసుకోమన్నారు, గుంజల మధ్య దూరం అదే కాబట్టి. మేము గుంపుగా, తలా ఒక దిక్కు చూస్తూ, పెళ్ళిలో తప్పిపోయినవాళ్ళలా నిలబడి వేలిముద్రలు వేసేవాళ్ళం. తవిటయ్య పెరట్లో బీరగుంజలు పీకించడానికి కూడా మనిషి వెళ్ళాడు. కాని పాదులు పిందెల మీద ఉన్నాయి. పిందె మీద ఉన్న పాదు పీకే అధికారం ఉద్యానశాఖకే ఉంది. వాళ్ళకి ఉత్తరం రాశాం. జవాబు రాలేదు. ఆ శాఖని నేను ఆ తరవాత ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

తులన మాత్రం జోరుగా సాగింది. వీధి పద్ధతిలో వీధి ఒక్క అంగుళం కూడా ఇరుకు కాలేదు, ఎందుకంటే అంగుళానికో ఫైలు నడవాలి. ఆ పద్ధతికిచ్చిన రెండు కుక్కలూ నెలన్నర పాటు వెడల్పాటి వీధిలో ఇటు నుంచి అటు తిన్నగా నడిచాయి. 'తిన్నదనంలో నూరు శాతం ప్రగతి' అని నివేదిక వచ్చింది. వాలు పద్ధతిలో గుంజ వాలు కొలవడానికి ఇంజనీరుని అరువు తెచ్చారు. ఆయన వచ్చేలోగా వర్షానికి గుంజలు పూర్తిగా వాలిపోయి నేల మీద పడుకున్నాయి. వాటి మీద కుక్కలు కూడా పడుకున్నాయి. జంట నిపుణుడు పట్టుదల మనిషి. మొదటి రెండు గుంజలూ పరిపూర్ణంగా వస్తే గాని మూడోది చూపించనన్నాడు. పరిపూర్ణం అంటే ఏమిటో నిర్వచించే ఉపసంఘం ఇంకా సమావేశం కాలేదు.

వారం వారం జీడిని పరిశీలించేవాళ్ళం. వారం వారం తప్పేది. తవిటయ్య పాపం దాన్ని బతిమాలేవాడు. "ఒలే, నీకు దండం ఎడతానే, తిన్నగా నడవ్వే," అనేవాడు. అది అతని మొహం చూసేది, చేతిలో చెంబు చూసేది, తోకాడించేది, మెలికలు తిరిగేది.

నలభయ్యో రోజున కాబోలు, నా మట్టిబుర్రకి వెలిగింది. కమిటీ నివేదికలో గుంజల మందం, గాలి వేగం, కుక్క తోక కోణం, అన్నిటికీ గళ్ళు ఉన్నాయి. చెంబుకి గడి లేదు. అందుకని ఎవరూ చెంబుని చూడలేదు.

తవిటయ్యని వరండా చివరికి పిలిచాను. "రేపటి నుంచి ఆ చెంబు ఇంటి దగ్గర పెట్టి రా," అన్నాను.

"చెంబు నేకపోతే నాకు సెయ్యి ఆడదమ్మా."

"నీ చెయ్యి ఆడకపోతే పోయె. దాని కాలు ఆడకూడదు."

ఒక నిమిషం నన్ను చూసి, మొహమంతా నవ్వయ్యాడు. ఆ తరవాత నాలుగు రోజులూ మేమిద్దరం పరీక్షించి చూశాం. చెంబు లేకపోతే జీడి గుంజల వంక చూడను కూడా చూడలేదు.

నలభై అయిదో రోజు ఉదయమే సెక్రటరీగారి తనిఖీ పడింది. గడువూ ఆ రోజే, తనిఖీ ఆ రోజే. షామియానా వేశారు. సెక్రటరీగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ముందు కుర్చీలో కూర్చున్నారు. తవిటయ్య జీడిని తీసుకొచ్చాడు. చూద్దును కదా, కంగారులో పాత అలవాటు చొప్పున చంకలో చెంబు! పరుగున వెళ్ళి లాక్కుని, నా కుర్చీ కింద పెట్టి, కాళ్ళ చుట్టూ కొంగు దించి కూర్చున్నాను. జీడి వచ్చి సరిగ్గా నా కుర్చీ ఎదురుగా బైఠాయించి, నా కాళ్ళ వంక చూడటం మొదలుపెట్టింది.

"మొదలుపెట్టండి," అన్నారు సెక్రటరీగారు.

వీధి పద్ధతి కుక్కని ఒంటి వరస గుంజల ముందు వదిలారు. అది గుంజల పక్కనుంచి తిన్నగా నడిచి, గేటు దాటి, ఇంకా తిన్నగా వెళ్ళిపోయింది. వాలు పద్ధతి కుక్క నిలబడి ఉన్న గుంజల్ని చూసి, ఇవి అవి కావనుకుని, షామియానా నీడలో పడుకుంది. జంట పద్ధతి కుక్క రెండు గుంజలు బ్రహ్మాండంగా తిరిగి, అక్కడే కూర్చుని బిస్కెట్టు కోసం చూసింది. మిగతా పదీ దానికి అక్కర్లేదు.

"నాలుగు నెలలు," అన్నారు సెక్రటరీగారు, కళ్ళద్దాలు తీసి. "ఈ కేంద్రం మొత్తం మీద పన్నెండు గుంజలు తిరిగే కుక్క ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఉందా, లేదా?"

డైరెక్టరుగారి చొక్కా తడిసిపోయింది. ఆయన తవిటయ్య పక్కకి జరిగి వంగి గుసగుసలాడారు. నాకు వినిపిస్తూనే ఉంది. "తవిటయ్యా, నా పరువు నీ చేతిలో ఉంది. జీడిని ఒక్కసారి తిప్పించెయ్. ఆ ఉత్తర్వు నేను చింపేస్తాను. మాటిస్తున్నాను."

తవిటయ్య నా వైపు చూశాడు. ఆయన మాట మంచిదే, కాని మాట ఫైల్లో ఉండదు. ఉత్తర్వు ఫైల్లో ఉంది. అది తిరిగిందంటే మరవలేదని ముగ్గురు నిపుణుల ఎదట రుజువు. రేపీయన మత్స్యశాఖకి వెళ్ళిపోతే కుక్క హిందూపురం వెళ్ళిపోతుంది. నేను తల అడ్డంగా ఊపాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో డైరెక్టరు మాటకి అడ్డంగా తల ఊపడం అదే మొదలు. కొంగు ఇంకాస్త కిందికి లాగాను.

"ఏటి సెయ్యమంటారు బాబూ," అన్నాడు తవిటయ్య గట్టిగా, అందరికీ వినపడేట్టు. "ఉత్తర్వు పెకారం మరిపించీసినాను. దానికిప్పుడేటీ తెల్దు. సూడండి." ఉత్త చేతులతో గుంజల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ నడిచి వెళ్ళాడు, మోకాళ్ళ నొప్పితో కుంటుతూ. "రా జీడీ, రాయే!"

జీడి కదలలేదు. నా కుర్చీ కిందికి మెడ సాచి, నిట్టూర్చి, మూతి కాళ్ళ మీద పెట్టుకుంది.

సెక్రటరీగారు నెమ్మదిగా లేచారు. "ఆగండి. ఈ కుక్కకి ముందు తెలుసా?"

"తెలుసు సార్," అన్నారు డైరెక్టరుగారు ఏడుపు గొంతుతో. "పన్నెండూ తిరిగేది. అందుకే మరపించాం."

"సంపూర్ణంగా మరచిపోయిందా? నలభై అయిదు రోజుల్లో? ఒక్క మనిషితో?"

"అవును సార్."

"మరి ఇది కదండీ ఫలితం!" సెక్రటరీగారి మొహం వెలిగిపోయింది. "నేర్పడానికి ముగ్గురు నిపుణులు, నాలుగు నెలలు, ఫలితం సున్నా. మరపించడానికి ఒక్క ఉద్యోగి, నిర్ణీత గడువు, నూటికి నూరు శాతం! కొలవదగిన, చూపించదగిన, పునరావృతం చెయ్యదగిన ఫలితం! ఈ కేంద్రం సహజ బలం ఎక్కడుందో మీరు గుర్తించలేదు."

మర్నాటికల్లా బోర్డు మారింది. 'రాష్ట్ర శునక విస్మరణ శిక్షణ కేంద్రం'. నిపుణులు ముగ్గురూ తమ పద్ధతులు కుక్కకి ఏమీ రాకుండా చేయడంలో ముందు నుంచీ అగ్రగాములేనని తలా ఒక పత్రం సమర్పించి సలహాదారులుగా ఉండిపోయారు. జీడికి అజ్ఞాన పత్రం వచ్చింది. దాంతోపాటు 'నమూనా శునకం, కాపలాదారు నుంచి వేరు చేయరాదు' అని ఇంకో ఉత్తర్వు. అది టైపు చేసిన రోజున నాకు వేళ్ళు వాటంతట అవే ఆడాయి. మిగతా ఆరు కుక్కల్నీ కూడా, వచ్చింది కాస్తో కూస్తో మరపించమని, తవిటయ్య క్వార్టరుకే అప్పగించారు.

నెల తిరిగాక, ఆ ఆరింటి అజ్ఞానాన్ని స్వయంగా పరిశీలించడానికి ఏడు కాయితాలు తీసుకుని పొద్దున్నే అతని క్వార్టరుకి వెళ్ళాను. లెక్క ప్రకారం ఆరే కావాలి. తప్పొస్తే పనికొస్తుందని ఒకటి అదనం.

పెరట్లో బీరపాదులు పందిరెక్కి మళ్ళీ పసుపు పచ్చగా పూశాయి. తవిటయ్య చెంబుతో నీళ్ళు పోస్తూ వెళుతున్నాడు, ఓ గుంజకి ఇటు, ఓ గుంజకి అటు. వెనకాల జీడి. జీడి వెనకాల శునకం-1, దాని వెనకాల 2, కాలెత్తిన 3, మిగతావీ. ఏడు కుక్కలూ ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు కుడికీ ఎడమకీ మెలికలు తిరుగుతూ పన్నెండు గుంజలూ దాటి, చివర ఆగి, దోసిట్లో నీళ్ళకి వరసగా నిలబడ్డాయి.

తవిటయ్య నన్ను చూసి చెంబు వెనక్కి దాచుకున్నాడు. "నానేటీ నేర్పనేదమ్మా," అన్నాడు భయంగా.

"నాకు తెలుసులే. ఆ దోసిలి నింపు, పాపం చివరిదానికి రాలేదు," అన్నాను.

గట్టు మీద కూర్చుని ఆరు కాయితాలు నింపాను. 'స్వయంగా పరిశీలించితిని. ఈ శునకమునకు ఏమియు తెలియదు.' ఆరింటి కిందా సంతకం పెట్టాను. ఏడో కాయితం ఒకటి మిగిలింది కదా, శునకం అన్న చోట కొట్టేసి నా పేరు రాసుకున్నాను. దాన్నీ మిగతా ఆరింటి మధ్యలో పెట్టి పంపించాను. డైరెక్టరుగారు ఏడింటి మీదా సంతకం చేశారు.